అటక మీది రికార్డులకు స్నానం: బూజు పట్టిన ఎల్పీలు, ఈపీలు, 78లను ఇంట్లో కడగడం

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: కాకినాడ ఇంట్లో అటక మీద నాన్నగారి రికార్డుల పెట్టె దొరికింది. పైన ఎల్పీలు (పెద్ద రికార్డులు), ఈపీలు (చిన్న రికార్డులు), అడుగున నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత 78 స్పీడు ప్లేట్లు కొన్ని. చాలావాటి మీద తెల్లగా బూజు ఉంది. స్పిన్ క్లీన్ తరహాలో చేత్తో తిప్పి కడిగే తొట్టి ఒకటి తెప్పించుకున్నారు. ఏ నీళ్లు పోయాలి, గిన్నెలు తోమే లిక్విడ్ వాడొచ్చా, స్పిరిట్ కలిపితే బూజు చస్తుందా, అన్నీ ఆ తొట్టిలోనే కడిగేయొచ్చా అని అడిగారు.

చివరిదాని నుంచి మొదలుపెడతాను. మిగతావాటిలో తేడా వస్తే మళ్లీ కడుక్కోవచ్చు, ఇందులో తేడా వస్తే ప్లేటు పోతుంది. 78లను ఆ తొట్టిలో ముంచకండి. స్పిరిట్ తగిలిన గుడ్డతో తుడవనైనా తుడవకండి. ఎల్పీ, ఈపీ వినైల్‌తో, అంటే పీవీసీ రకం ప్లాస్టిక్‌తో చేసినవి. పాత 78లు లక్కతో చేసినవి. లక్కకు రాతిపొడి, మసిపొడి కలిపి వేడి మీద అచ్చు వేశారు. చెక్కసామానుకు పాలిష్ కొట్టేవాళ్లు లక్కపెచ్చుల్ని కరిగించేది స్పిరిట్‌లోనే. అదే స్పిరిట్ ప్లేటు మీద పోస్తే అక్కడ కూడా అదే పని చేస్తుంది. శానిటైజర్, డెటాల్, సర్జికల్ స్పిరిట్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపిన రికార్డ్ క్లీనర్లు అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి.

ఏది ఏదో గుర్తుపట్టడం పెద్ద కష్టం కాదు. 78 బరువుగా, మందంగా, బిర్రుగా ఉంటుంది. అంచు దగ్గర గోటితో మెల్లగా తడితే పింగాణీ పళ్లెంలా ‘టంగు’ మంటుంది, వినైల్ అయితే మందంగా ‘టప్పు’ మంటుంది. అంచులో చిన్న పెచ్చు ఊడి లోపల గరుకుగా కనిపిస్తే అది లక్కే. వంగుతుందో లేదో చూద్దామని మాత్రం వంచకండి, పుటుక్కున విరుగుతుంది. సైజు చూసి తేల్చేయకండి, 10 అంగుళాల ఎల్పీలూ ఉన్నాయి. మన దేశంలో 1960ల్లో కూడా 78లు అచ్చయ్యాయి కాబట్టి పాట ఏ కాలానిదో చూసినా తేలదు. లేబుల్ మీద స్పీడు వేసి ఉంటే చూడండి. అనుమానం తీరకపోతే లక్కే అనుకుని పక్కన పెట్టండి. వాటి సంగతి చివర్లో చెప్తాను.

ఇక బూజు. దాన్ని పొడిగా ఉండగానే ఇంటి బయట దులపాలి. వరండాలోనో మేడ మీదో నీడలో కూర్చుని, మాస్కు పెట్టుకుని, మెత్తటి వెడల్పాటి పెయింట్ బ్రష్‌తో గాడి వెంట గుండ్రంగా దులపండి. ఫ్యాను కింద కూర్చుంటే ఆ పొడంతా మీ ముక్కులోకి, పక్కనున్న మంచి రికార్డు మీదికి పోతుంది. ఆస్తమా ఉన్నవాళ్లకు ఈ పని అప్పజెప్పొద్దు. దులపకుండా నేరుగా తొట్టిలో దించితే మొదటి రెండు రికార్డులకే నీళ్లు కుడితి అవుతాయి, తర్వాత దిగే ప్రతి రికార్డుకూ ఆ బూజు పంచినట్టవుతుంది.

బూజు తినేది వినైల్‌ని కాదు. దాని మేత అట్టకవరు, లోపలి కాగితం కవరు, లేబుల్ కింది జిగురు, ఏళ్లతరబడి అంటిన వేలిముద్రల జిడ్డు. అందుకే కడిగిన రికార్డును మళ్లీ అదే కాగితం కవర్లో దూరిస్తే రెండు వానాకాలాల్లో బూజు తిరిగొస్తుంది. లోపలి కవర్లు పారేయండి. పాత కంపెనీ ప్రకటనలు అచ్చేసి ఉండి ముచ్చటగా ఉంటే విడిగా దాచుకోండి గానీ రికార్డు అందులో పెట్టకండి. పైన బొమ్మ ఉన్న అట్టను పొడిగుడ్డతో తుడిచి, గాలి ఆడే చోట నీడలో నిలబెట్టి ఆరబెడితే చాలు.

నీళ్ల విషయానికి వద్దాం. ఎక్కువమంది చూసీచూడనట్టు వదిలేసేది ఇదే. తీరప్రాంతంలో బోరునీళ్లు ఎంత ఉప్పగా ఉంటాయో మీకు చెప్పక్కర్లేదు. టీడీఎస్ 500 అంటే లీటరు నీళ్లు ఆవిరైతే 500 మిల్లీగ్రాముల లవణాలు మిగులుతాయని అర్థం. కడిగిన రికార్డు మీద 5 మిల్లీలీటర్ల నీళ్లు అలాగే ఎండిపోయాయనుకోండి, రెండున్నర మిల్లీగ్రాముల తెల్లపొడి గాడిలో కూర్చుంటుంది. తక్కువే కదా అనిపిస్తుంది. కానీ ఎల్పీ గాడి వెడల్పు సుమారు 0.05 మిల్లీమీటరు. 22 నిమిషాల ఒక వైపున ఆ గాడిని సాగదీస్తే దాదాపు అర కిలోమీటరు వస్తుంది. ఆ పొడి ఆ దారి పొడవునా పరుచుకుంటుంది, ముల్లు ప్రతి రేణువునూ గుద్దుకుంటూ పోతుంది. చాలామంది ‘కడిగాక చిటపటలు ఎక్కువయ్యాయి’ అని వాపోయేది ఇందుకే.

కాబట్టి డిస్టిల్డ్ వాటర్ కొనండి. బ్యాటరీ షాపుల్లో, ఆటో స్పేర్స్ షాపుల్లో 5 లీటర్ల క్యాన్లు దొరుకుతాయి. అడిగితే ‘బ్యాటరీ వాటర్’ అంటారు. సీలు తీయని క్యానే తీసుకోండి. చేతిలో పట్టే టీడీఎస్ మీటర్ ఒకటి కొనుక్కుంటే క్యాన్ తెరవగానే చూసుకోవచ్చు, ఒంటి అంకెల్లో ఉండాలి. ఇంట్లో ఆర్వో నీళ్లు 50కి లోపుంటే మొదటి కడుగుకి సర్దుకోవచ్చు, చివరి జాడింపుకి మాత్రం డిస్టిల్డే కావాలి. ఏసీ నుంచి కారే నీళ్లు పట్టుకోవచ్చా అని కూడా కొందరు అడుగుతుంటారు. లవణాల లెక్కలో అవి మంచివే. కానీ ఏసీ కాయిల్ మీద పేరుకున్న దుమ్మూ బూజూ కడుక్కుని వచ్చే నీళ్లవి. బూజు వదిలించడానికి బూజునీళ్లు ఎందుకు?

సబ్బు సంగతి. తొట్టితో పాటు సీసా వచ్చి ఉంటే దాని మీద రాసినంతే వాడండి. ఇంకొంచెం పోస్తే ఇంకొంచెం శుభ్రమవుతుందనే ఆశ వద్దు. నీళ్లకు గాడిలోపలికి దిగే గుణం రావడానికే ఆ ద్రవం. మామూలు నీళ్లు వినైల్ మీద ముత్యాల్లా నిలబడిపోతాయి. తలతన్యత తగ్గితేనే పరుచుకుని గాడి అడుగు దాకా దిగుతాయి. సీసా అయిపోయాక గిన్నెల లిక్విడ్ వాడాల్సి వస్తే రంగు, వాసన తక్కువున్నది చూసి లీటరుకు రెండు మూడు చుక్కలు వేయండి, అంతకు మించొద్దు. నురగ కనిపిస్తే ఎక్కువైనట్టే. అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్లు రికార్డులకు టెర్జిటాల్ అనే నాన్-అయానిక్ (విద్యుదావేశం లేని) సర్ఫాక్టెంట్‌ను, అంటే నీళ్ల తలతన్యత తగ్గించే ద్రవాన్ని, చాలా పలుచగా కలిపి వాడమంటారు. అది గానీ, ట్రైటాన్ ఎక్స్-100 గానీ కెమికల్ షాపులో దొరికితే నేను గిన్నెల లిక్విడ్ కన్నా దానికే ఓటేస్తాను. వాటిలో సెంటు, రంగు, చేతులు మెత్తగా ఉండడానికి కలిపే సరుకు ఉండవు. షాంపూ, అద్దాలు తుడిచే స్ప్రే, బట్టల పౌడరు వద్దు.

స్పిరిట్ మాటకొస్తే, వినైల్‌కు ఐసోప్రొపైల్ పలుచగా కలిపి కాసేపు తగిలిస్తే కొంప మునగదు. అయినా మీ ఇంట్లో వద్దంటాను. మూతలేని తొట్టిలోంచి అది ఆవిరవుతూ ఉంటుంది, మంట అంటుకునే సరుకు, పైగా పక్కనే 78ల కట్ట ఉంది. పొరపాటున ఒక్కటి అందులో దిగితే చాలు. బూజుకు స్పిరిట్ కన్నా రెండుసార్లు జాడించడమే ఎక్కువ పని చేస్తుంది.

అసలు నేను చెప్పదలుచుకున్నది ఈ జాడింపు గురించే. బ్రష్షు మురికిని కదిలిస్తుంది, అంతే. కదిలిన మురికి నీళ్లతో పాటు రికార్డు మీద నుంచి దిగిపోయినప్పుడే శుభ్రమైనట్టు. తొట్టి కంపెనీవాళ్లు తమ ద్రవానికి విడిగా జాడించే పని లేదని, మురికి అడుగుకు చేరుతుందని అంటారు. అడుగున మడ్డి చేరడం నిజమే, నీళ్లు పారబోసేటప్పుడు చూస్తే తెలుస్తుంది. కానీ అడుగుకు చేరనిది నీళ్లలో తేలుతూనే ఉంటుంది, రికార్డును పైకి తీసినప్పుడు దాని మీద మిగిలే తడిలోనూ ఉంటుంది. మీలాంటి బూజుపెట్టెకు జాడింపు తప్పనిసరి. రెండో తొట్టి కొనక్కర్లేదు. మొత్తం రికార్డులు కడిగేసి నిలబెట్టి, తొట్టి ఖాళీ చేసి, బ్రష్షులు కడిగి, ఒట్టి డిస్టిల్డ్ వాటర్ పోసి అవే రికార్డులను తడి ఆరకముందే మళ్లీ తిప్పండి. ఒక విడతకు ఆరేడు పెట్టుకుంటే మొదటిది ఎండిపోయేలోగా చివరిదాని పని అయిపోతుంది.

కడిగే వరుస ఇలా పెట్టుకోండి: ముందు బాగున్నవి, చివర్లో బూజువి. అందరూ ఉత్సాహం కొద్దీ అన్నిటికన్నా మురికిదాన్ని మొదట పట్టుకుంటారు. బూజువాటికి వీలైతే బ్రష్షుల జత వేరేగా ఉంచండి. మొట్టమొదట మాత్రం పోయినా బాధలేని రికార్డు ఒకటి తీసుకుని చెయ్యి అలవాటు చేసుకోండి. నాన్నగారికి ఇష్టమైనది రెండో రోజుకు ఉంచండి.

తొట్టిని సమంగా ఉన్న బల్ల మీద పెట్టి, కింద పాత తువ్వాలు పరవండి. గీత దాకా నీళ్లు పోయండి. రికార్డు సైజును బట్టి రోలర్లు మార్చడం మరిచిపోతే ఈపీ అందకుండా పోతుంది, లేదా లేబుల్ మునుగుతుంది. ఎల్పీలో అంచు నుంచి లేబుల్ దాకా సుమారు 10 సెంటీమీటర్లు ఉంటుంది, ఈపీలో 4 చిల్లర. నీళ్లు గాడిని ముంచాలి, లేబుల్‌కు కొంచెం కిందే ఆగాలి. అయినా పైకి వచ్చిన వైపు నుంచి చుక్కలు లేబుల్ మీదికి జారతాయి. చాలా లేబుళ్లు తట్టుకుంటాయి, కొన్ని పాత ఎర్ర లేబుళ్లు రంగు వదులుతాయి. తడిపిన ఇయర్‌బడ్‌ను లేబుల్ అంచున ఒకసారి అద్ది చూడండి. రంగు అంటితే ఆ రికార్డును తొట్టిలో వేయకుండా విడిగా చేత్తో కడగాలి, లేదా రెండు వైపులా రబ్బరు అంచుతో బిగించే లేబుల్ కవచం వాడాలి.

రికార్డును బ్రష్షుల మధ్యలోకి మెల్లగా దించాక వెంటనే తిప్పకండి. ఒక నిమిషం తడవనివ్వండి. ఆ తర్వాత రెండు అరచేతులూ అంచుకు ఆనించి, ఒక చుట్టుకు అయిదారు సెకన్లు పట్టేలా నిదానంగా తిప్పండి. ఒక దిక్కున మూడు చుట్లు, వెనక్కి మూడు చుట్లు అని కంపెనీవాళ్లు రాస్తారు. దులిపిన ఎల్పీకి అది చాలు. బూజుదానికి అటు పది, ఇటు పది చేయండి. చెయ్యికి కరకరమని తగిలితే ఆపేయండి. బ్రష్షులో ఇసుకరేణువు చిక్కుకుని ఉంటుంది, అది అలాగే తిరిగితే రికార్డు చుట్టూ గీత పడుతుంది. బ్రష్షు తీసి కుళాయి కింద కడిగి, డిస్టిల్డ్ వాటర్‌తో ఒకసారి తడిపి మళ్లీ పెట్టండి.

నీళ్లు గోరువెచ్చగా ఉంటే జిడ్డు త్వరగా వదులుతుంది. వేలు పెడితే హాయిగా అనిపించేంత వేడి చాలు. వినైల్ 60 డిగ్రీల దాకా పోకముందే మెత్తబడటం మొదలెడుతుంది, ఒకసారి వంకర తిరిగితే ఇంట్లో సరిచేయలేం. ఎండలో ఆరబెట్టొద్దు అనేదీ ఇందుకే. ఒక తొట్టి నీళ్లకు ఇరవై ముప్ఫై రికార్డులు కడగొచ్చని చెప్తుంటారు. మీ రికార్డులకు ఎనిమిది పదికి ఒకసారి మార్చండి. తెల్ల కప్పులో కొంచెం తీసి చూస్తే రంగే చెప్తుంది.

తీసేటప్పుడు రికార్డును తొట్టి పైన ఏటవాలుగా పట్టుకుని చుక్కలు కారనివ్వండి. మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డను రుద్దకుండా అద్ది, గాడి వెంట గుండ్రంగా ఒక్కసారి తిప్పండి. కొత్త గుడ్డను ముందు ఒకసారి ఉతికి ఆరేయాలి, లేకపోతే నూగు వదులుతుంది. కంఫర్ట్ లాంటివి వేసి ఉతకొద్దు, ఆ పూత రికార్డుకు అంటుకుంటుంది. తర్వాత వంటింట్లో పళ్లేలు నిలబెట్టే స్టాండు ఉంటుంది కదా, దాన్నే శుభ్రంగా కడిగి ఒక్కో రికార్డును అంచు మీద నిలబెట్టండి. గాడి తీగకు తగలకుండా చూసుకోవాలి. ఎండాకాలం అరగంటలో ఆరిపోతాయి. వానాకాలంలో కాకినాడ గాలిలో రెండు మూడు గంటలు వదిలేయండి, ఏసీ గది ఉంటే అందులో పెట్టండి. ఫ్యాను నేరుగా తగిలితే త్వరగా ఆరుతుంది గానీ గదిలోని దుమ్మంతా తడి రికార్డుకే అంటుకుంటుంది. మధ్య చిల్లు, లేబుల్ అంచు పూర్తిగా ఆరాయని వేలితో చూసుకున్నాకే కవర్లో పెట్టండి. తడి లోపలికి పోతే ఇంత కష్టమూ వృథా.

కొత్త లోపలి కవర్లు పాలీఇథిలీన్‌వి, యాంటీస్టాటిక్ అని రాసినవి కొనండి. మెత్తగా, సాగుతూ, కొత్త రెయిన్‌కోటు వాసన వచ్చే పీవీసీ కవర్లు వద్దు. వాటిలోని ప్లాస్టిసైజర్ (ప్లాస్టిక్‌ను మెత్తబరిచే రసాయనం) ఏళ్ల మీద రికార్డు పైన మసకపొరలా దిగుతుంది, అది కడిగినా పోదు. రికార్డులను ఒకదాని మీద ఒకటి పేర్చకుండా నిలువుగా పెట్టండి. తేమ 50 శాతం దాటని చోటు తీరంలో దొరకడం కష్టమే. కనీసం గోడకు ఆనించకుండా, నేలకు తగలకుండా, వెనక గాలి ఆడేలా పెట్టండి. అటక మీదికి మాత్రం తిరిగి పోనివ్వకండి.

ఎంత కడిగినా పోనివి కూడా కొన్ని ఉంటాయి. పాత పోర్టబుల్ ప్లేయర్లలో బరువైన పికప్పుతో, అరిగిన ముల్లుతో వందలసార్లు వేసిన సినిమా ఈపీలు వెలుతురులో పట్టి చూస్తే గాడి బూడిదరంగుగా కనిపిస్తుంది. అది మురికి కాదు, గాడి గోడే అరిగిపోయింది. గొంతు పైకెత్తిన చోటల్లా బరబరమంటుంది. గోరుకు తగిలే గీత, టక్కుమనే శబ్దం, అచ్చులోనే ఉన్న లోపం కూడా అంతే. బూజు చాలాకాలం ఉన్న చోట మచ్చ పోయినా కొంచెం గరగర మిగలొచ్చు. రెండుసార్లు కడిగాక ఏ మార్పూ లేకపోతే మూడోసారి మీద టైమ్ తగలేయకండి. ఇంటర్నెట్‌లో జిగురు పూసి పొరలా పీకే వీడియోలు ఉంటాయి, ఫెవికాల్ పట్టుకుని ఆ ప్రయోగం నాన్నగారి రికార్డుల మీద చేయకండి. మరోవైపు హైదరాబాద్‌లో పాత సామాన్లు అమ్మే జుమ్మేరాత్ బజార్ లాంటి చోట్ల కొన్న రికార్డులు కొన్నిసార్లు అనుమానంగా తళతళలాడుతుంటాయి. మెరుపు కోసం నూనె రాసినవి ఉంటాయి. వేలు జారితే అదే. వాటికి సర్ఫాక్టెంట్ నీళ్లలో రెండు విడతలు కావాలి, ఆ నీళ్లలో ఇంకో రికార్డు దించకూడదు.

ఒక్క జాగ్రత్త: కడగకముందు ‘ఎలా ఉందో విందాం’ అని ముల్లు పెట్టకండి. ఆ ఇసుక, బూజు గాడి గోడలకు రాసుకుపోతాయి, ముల్లు కూడా మూటకట్టుకుంటుంది. కడిగిన తర్వాత మొదటి వైపు అయ్యాక ముల్లు కొన చూడండి, బూడిదరంగు నూగు కనిపిస్తుంది. లోపల మిగిలినదాన్ని ముల్లు తోడి తెచ్చిందన్నమాట. చిన్న బ్రష్‌తో వెనక నుంచి ముందుకు మాత్రమే తుడవండి, పక్కకు లాగితే ముల్లు కడ్డీ వంగుతుంది.

ఇప్పుడు 78లు. వీటిలో పద్యనాటకాల పద్యాలో హరికథలో ఉంటే తొందరపడకండి. అలాంటివాటికి ఇంకో కాపీ దొరుకుతుందన్న భరోసా లేదు. ముందు రెండు వైపులా లేబుల్ ఫొటో తీయండి, లేబుల్ పక్కన నున్నటి చోట చెక్కిన నంబరు కూడా పడేలా. వెలుతురుకు అడ్డంగా పట్టి వెంట్రుక పగుళ్లు చూడండి. పగులున్నదాన్ని, పొర లేచినదాన్ని కడగొద్దు. నీళ్లు లోపలికి దిగితే ఉబ్బుతుంది, కొన్నిటిలో మధ్యన కాగితం పొరలు కూడా ఉంటాయి. వాటికి పొడి బ్రష్షే. గట్టిగా ఉన్నవాటిని తువ్వాలు మీద పడుకోబెట్టి, సర్ఫాక్టెంట్ కలిపిన డిస్టిల్డ్ వాటర్‌ను మెత్తటి బ్రష్‌కు పట్టించి, లేబుల్ తప్పించి గాడి వెంట తుడవండి. వెంటనే ఒట్టి నీళ్లు పట్టించిన రెండో బ్రష్‌తో జాడించి, గుడ్డతో అద్దేయండి. ఒక వైపుకు ఒకటి రెండు నిమిషాల్లో పని అయిపోవాలి. నానబెట్టకూడదు. రెండో వైపు అయ్యాక నిలబెట్టి ఆరనివ్వండి.

వాటిని వినడానికి ఎల్పీ ముల్లు పనికిరాదు. ఎల్పీ ముల్లు కొన సుమారు 0.7 మిల్ (మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు), 78కి 3 మిల్ కావాలి. సన్నముల్లు వెడల్పాటి గాడి అడుగున దొర్లుతూ పాట కన్నా హోరే ఎక్కువ ఇస్తుంది. మీ కార్ట్రిడ్జ్‌కు (ముల్లు బిగించే భాగానికి) 78 ముల్లు విడిగా దొరుకుతుందేమో చూడండి. దొరికినా ప్లేయర్‌లో 78 స్పీడు లేదంటే దిగులు పడకండి. 45లో తిప్పి కంప్యూటర్‌లోకి రికార్డ్ చేసి, ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో వేగం 1.733 రెట్లు చేయండి. మూడు నిమిషాల పద్యం మూడు నిమిషాలకే వస్తుంది.